ఇంటి కంప్యూటర్‌ను పరిశోధన లెక్కలకు ఇవ్వడం ఎలా? బాయింక్ సమగ్ర మార్గదర్శి

ఇంట్లో కంప్యూటర్ ఖాళీగా ఉన్న వేళల్లో దాన్ని శాస్త్రవేత్తల లెక్కలకు వాడుకోమని ఇవ్వొచ్చట కదా, ఎలా అని చాలామంది అడుగుతున్నారు. దీనికి బాయింక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. దాన్ని ఇన్‌స్టాల్ చేయడం పది నిమిషాల పని. అయితే ఇన్‌స్టాల్ చేసినవాళ్లలో చాలామంది వారం తిరక్కుండానే ఫ్యాన్ హోరు భరించలేకో, కరెంటు బిల్లు తలుచుకునో తీసేస్తారు. అందుకే ఇక్కడ ఇన్‌స్టలేషన్ గురించి తక్కువ, దానికి ముందూ తర్వాతా చేయాల్సిన పనుల గురించి ఎక్కువ రాశాను.

అన్నిటికంటే ముఖ్యం వరస. ముందు పరిమితులు పెట్టుకోవాలి, ఆ తర్వాతే ప్రాజెక్ట్‌లో, అంటే మీరు సాయం చేయాలనుకునే పరిశోధనలో, చేరాలి. ఇది తలకిందులు చేస్తే, మీరు సెట్టింగులు వెతుక్కునేలోపే కంప్యూటర్ తన శక్తి మొత్తం పెట్టి పని మొదలుపెట్టేస్తుంది.

పని జరిగే తీరు ఇది. ప్రాజెక్ట్ సర్వర్ పెద్ద లెక్కను చిన్న చిన్న ముక్కలు చేసి, మీ కంప్యూటర్‌కు ఒక ముక్క పంపుతుంది. దాన్ని టాస్క్ అంటారు. ప్రతి టాస్క్‌కూ ఒక గడువు ఉంటుంది. చాలా ప్రాజెక్ట్‌లలో అదే టాస్క్‌ను ఇంకో వాలంటీర్‌కు కూడా పంపి, రెండు ఫలితాలూ సరిపోయాకే లెక్కలోకి తీసుకుంటారు. మీరు తీసుకుని తిరిగి ఇవ్వకపోతే ఎక్కడో ఉన్న ఆ రెండో మనిషి పని కూడా ఆగిపోతుంది. కాబట్టి ఇక్కడ కావాల్సింది స్పీడు కాదు, గడువులోపు తిరిగి ఇవ్వడం.

1. మీ కంప్యూటర్ దీనికి పనికొస్తుందా?

డెస్క్‌టాప్ అయితే మేలు. గాలి బాగా ఆడుతుంది, దుమ్ము దులపడం తేలిక. ల్యాప్‌టాప్ కూడా పనికొస్తుంది కానీ సగం సామర్థ్యానికి మించి వాడకండి. మంచం మీద, దుప్పటి మీద పెట్టి నడిపే అలవాటు ఉంటే మాత్రం అసలు మొదలుపెట్టొద్దు.

మూలన పడేసిన పదిహేనేళ్ల నాటి పాత మెషీన్‌ను దీనికోసం బయటికి తీయొచ్చా అని కూడా అడుగుతారు. వద్దనే నా సలహా. అది రోజంతా చేసే పనిని ఇప్పటి ప్రాసెసర్ గంటా రెండు గంటల్లో ముగిస్తుంది, గంటకు అయ్యే కరెంటు ఖర్చులో మాత్రం పెద్ద తేడా ఉండదు.

ఫోన్‌లో నడపడం కూడా నేను సిఫారసు చేయను. గంటల తరబడి వేడెక్కితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది.

మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి:

- ర్యామ్ కనీసం 8 జీబీ
- డిస్క్‌లో కనీసం 20 జీబీ ఖాళీ
- డేటా పరిమితి గురించి బెంగ లేని ఇంటర్నెట్. మొబైల్ హాట్‌స్పాట్ అయితే నెట్‌వర్క్ పరిమితి తప్పక పెట్టాలి
- ఫ్యాన్లు, గాలి సందులు శుభ్రంగా ఉన్నాయా. లేకపోతే ముందు దులపండి
- కంప్యూటర్ మీదేనా. ఆఫీసుదో కాలేజీదో అయితే రాతపూర్వక అనుమతి లేకుండా వద్దు. కంప్యూటర్ ఖాళీగానే ఉంది కదా అంటే ఒప్పుకోరు, ఉద్యోగం మీదికి వస్తుంది

2. కరెంటు ఎంత లాగుతుందో ముందే కొలవండి

వాట్లు చూపించే స్మార్ట్ ప్లగ్ ఉంటే సరే. లేకపోయినా మీ ఇంటి మీటరే చాలు.

ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కన ఒక యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. చాలా మీటర్ల మీద 3200 ఉంటుంది, కొన్నిటి మీద 1600. ఇంట్లో ఫ్రిజ్, మోటారు, ఏసీ, గీజర్ ఆపి, కంప్యూటర్ ఒక్కటే ఖాళీగా ఆన్‌లో ఉంచి ఐదు నిమిషాలు మిణుకులు లెక్కపెట్టండి. బాయింక్ పెట్టాక, అది పనిచేస్తుండగా మళ్లీ ఐదు నిమిషాలు లెక్కపెట్టండి. అపార్ట్‌మెంట్‌లో మీటర్లు కింద సెల్లార్‌లో ఉంటాయి కాబట్టి ఒకరు కింద నిలబడి, ఒకరు పైనుంచి ఫోన్‌లో చెప్పుకోవాల్సి వస్తుంది. లైటు చూడటమే, మీటరును ముట్టుకునే పని లేదు.

3200 మీటరు మీద నిమిషానికి ఒక మిణుకు పెరిగిందంటే దాదాపు 19 వాట్లు పెరిగినట్టు. ఐదు నిమిషాల్లో 20 మిణుకులు ఎక్కువ వచ్చాయంటే నిమిషానికి నాలుగు, అంటే 75 వాట్లు. రోజుకు 8 గంటల చొప్పున 30 రోజులు నడిపితే 18 యూనిట్లు.

ఇప్పుడు మీ బిల్లు తీసి చూడండి. ఆ 18 యూనిట్లతో పై స్లాబ్‌లోకి పోతారా? తెలంగాణలో గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాడకం 200 యూనిట్ల దగ్గర్లో ఉంటే ఈ 18 యూనిట్లే ఆ నెల బిల్లు మొత్తాన్ని నెత్తిమీదికి తెస్తాయి. అలాంటప్పుడు గంటలు తగ్గించుకోండి. రోజుకు రెండు మూడు గంటలు ఇచ్చినా పనికొస్తుంది.

3. ప్రాజెక్ట్ ఎంచుకోవడం

మొదట ఒక్కటే ఎంచుకోండి. ఊరించే పేర్లు చాలా ఉంటాయి కానీ ఐదారింటిలో ఒకేసారి చేరితే ప్రతిదీ టాస్కులు పంపిస్తుంది, గడువులన్నీ మీద పడతాయి.

ఐన్‌స్టైన్ ఎట్ హోమ్: కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇదే. గురుత్వ తరంగాలను పసిగట్టే లైగో డేటాలో, రేడియో టెలిస్కోపుల డేటాలో, ఫెర్మీ ఉపగ్రహం పట్టిన గామా కిరణాల డేటాలో పల్సర్ల కోసం, అంటే గిర్రున తిరిగే మృత నక్షత్రాల కోసం, వెతుకుతుంది. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో కట్టడానికి 2023లో కేంద్రం ఆమోదించిన లైగో-ఇండియా కూడా ఆ లైగో కుటుంబంలోదే. ఈ ప్రాజెక్ట్‌లో పనికి కొరత తక్కువ, గడువు సాధారణంగా రెండు వారాలు. మామూలు ప్రాసెసర్‌కూ పని ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డుకూ ఉంటుంది.

రోజెట్టా ఎట్ హోమ్: ప్రొటీన్ల ఆకృతుల మీద వాషింగ్టన్ యూనివర్సిటీవాళ్ల పని. ఆ ల్యాబ్ నడిపే డేవిడ్ బేకర్‌కు 2024లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. టాస్కులు ఒక్కోసారి రోజుల తరబడి ఉండవు, ర్యామ్ కూడా బాగానే తింటాయి.

వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్: ఐబీఎమ్ 2004లో మొదలుపెట్టింది, 2021లో టొరంటోలోని క్రెంబిల్ పరిశోధన సంస్థకు అప్పగించింది. క్యాన్సర్ లాంటి వ్యాధుల మీద పని. మధ్యలో సర్వర్లు ఆగిన సందర్భాలున్నాయి కాబట్టి రెండో ప్రాజెక్ట్‌గా బాగుంటుంది.

ఎల్‌హెచ్‌సీ ఎట్ హోమ్: యూరప్‌లోని కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్ వాళ్లది. ఇందులో కొన్ని పనులకు వర్చువల్‌బాక్స్ అనే అదనపు సాఫ్ట్‌వేర్, బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయడం, బోలెడంత ర్యామ్ కావాలి. ఇప్పుడే వద్దు.

పాతవాళ్లు చెప్పగా విని, గ్రహాంతర జీవుల సంకేతాల కోసం వెతికిన సెటీ ఎట్ హోమ్ ప్రాజెక్ట్ కోసం చూసేవాళ్లు ఇంకా ఉన్నారు. అది 2020 మార్చి 31 నుంచి కొత్త టాస్కులు పంపడం మానేసింది.

మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండి, వైద్య పరిశోధనకే ఇవ్వాలనుకుంటే ఫోల్డింగ్ ఎట్ హోమ్ చూడండి. అది బాయింక్‌లో భాగం కాదు, దాని ప్రోగ్రామ్ వేరు. ఒకే కంప్యూటర్‌లో రెండూ కలిపి పెడితే ఒకదాని సంగతి ఒకదానికి తెలియక ప్రాసెసర్ కోసం కొట్టుకుంటాయి.

4. ఇన్‌స్టాల్ చేయడం

బాయింక్ అనేది ఈ ప్రాజెక్ట్‌లన్నిటికీ కలిపి ఒకే ప్రోగ్రామ్. కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్కిలీ శాఖలో తయారైంది, ఓపెన్ సోర్స్, పూర్తిగా ఉచితం. ఇంగ్లీషులో బి, ఓ, ఐ, ఎన్, సి అనే ఐదక్షరాలు. బర్కిలీ యూనివర్సిటీ అధికారిక సైట్ నుంచే దించుకోండి. లైనక్స్ అయితే మీ సాఫ్ట్‌వేర్ సెంటర్‌లోనే దొరుకుతుంది. రిజిస్ట్రేషన్ ఫీజు అనీ, కంప్యూటర్ పెడితే నెలకింత ఆదాయం అనీ ఎవరైనా లింకు పంపితే అది బాయింక్ కాదు. మూసేయండి.

విండోస్ ఇన్‌స్టాలర్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో సర్వీస్ ఇన్‌స్టాల్ అని ఒక టిక్కు ఉంటుంది. దాన్ని పెట్టకండి. పెడితే గ్రాఫిక్స్ కార్డు పనికి రాదు. స్క్రీన్‌సేవర్ కూడా అక్కర్లేదు, అనవసరంగా కరెంటు తింటుంది.

ఇన్‌స్టాల్ అవగానే బాయింక్ మేనేజర్ తెరుచుకుని ప్రాజెక్ట్ ఎంచుకోమంటుంది. ఇక్కడే క్యాన్సిల్ నొక్కండి.

5. పరిమితులు పెట్టుకోవడం

ముందుగా వ్యూ మెనూలో అడ్వాన్స్‌డ్ వ్యూ ఎంచుకోండి. సింపుల్ వ్యూ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ ఏం జరుగుతోందో చెప్పదు. తర్వాత ఆప్షన్స్ మెనూలో కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్ తెరవండి.

కంప్యూటింగ్ ట్యాబ్‌లో ముఖ్యమైనవి రెండు అంకెలు. ఒకటి, సీపీయూలలో (అంటే ప్రాసెసర్లలో) ఎంత శాతం వాడాలి. రెండోది, సీపీయూ సమయంలో ఎంత శాతం వాడాలి. ఈ రెండిటి దగ్గరే అందరూ తడబడతారు.

మొదటిదాన్ని 50 చేస్తే, టాస్క్ మేనేజర్‌లో 8 లాజికల్ ప్రాసెసర్లు కనిపించే కంప్యూటర్‌లో నాలుగు టాస్కులే నడుస్తాయి. రెండోదాన్ని 50 చేస్తే అన్నీ నడుస్తాయి కానీ కాసేపు ఆగి, కాసేపు పరుగెత్తి. దాంతో ఉష్ణోగ్రత క్షణక్షణానికీ పైకీ కిందకీ ఊగుతుంది, ఫ్యాన్ కూడా దాని వెంటే గుయ్‌మని లేచి తగ్గుతూ ఉంటుంది. రాత్రి పక్కగదిలో పడుకున్నవాళ్లకు ఒకేలా మోగే ఫ్యాన్ కంటే ఈ ఎగుడుదిగుడు మోతే ఎక్కువ చిరాకు. కాబట్టి రెండోదాన్ని 100 దగ్గరే వదిలేసి, మొదటిదాన్నే తగ్గించండి. ల్యాప్‌టాప్ అయితే 25 నుంచి 50, డెస్క్‌టాప్ అయితే 50 నుంచి 75.

కొత్త వెర్షన్లలో ఈ అంకెలు రెండేసి ఉంటాయి, మీరు వాడుతున్నప్పుడు ఒకటి, వాడనప్పుడు ఒకటి. వాడుతున్నప్పటిది ఇంకా తక్కువ పెట్టుకోండి.

మిగతావి ఇలా:

- బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఆపాలి: టిక్కు ఉండాలి
- మీరు వాడుతున్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు పని ఆపాలి: టిక్కు ఉండాలి. లేకపోతే వీడియో చూస్తుంటే తెర తడబడుతుంది
- నిల్వ ఉంచే పని: కనీసం 0.1 రోజు, అదనంగా 0.5 రోజు. దీన్ని పదిరోజులకు పెంచి, టాస్కులు గుట్టగా దించుకోవద్దు
- డిస్క్: 10 జీబీకి మించకుండా
- మెమరీ: వాడుతున్నప్పుడు 30 శాతం, వాడనప్పుడు 60 శాతం
- ఆగిన టాస్కులను మెమరీలోనే ఉంచాలి: 8 జీబీ అంతకంటే ఎక్కువ ర్యామ్ ఉంటే టిక్కు పెట్టండి. టిక్కు లేకపోతే ఆగిన ప్రతిసారీ కొంత పని వెనక్కి పోతుంది
- నెట్‌వర్క్: హాట్‌స్పాట్ అయితే ఇన్ని రోజులకు ఇన్ని ఎంబీలు అనే పరిమితి

ఒక చిక్కుంది. ఇక్కడ కంప్యూటర్‌లో పెట్టిన సెట్టింగులు ప్రాజెక్ట్ వెబ్‌సైట్‌లో పెట్టినవాటిని కొట్టేస్తాయి. వెబ్‌సైట్‌లో మార్చాను, ఏమీ మారలేదేమిటి అనేవాళ్ల సమస్య నూటికి తొంభై పాళ్లు ఇదే. ఒకే కంప్యూటర్ ఉన్నవాళ్లు అంతా ఇక్కడే మార్చుకోండి, వెబ్‌సైట్ జోలికి పోకండి.

6. ప్రాజెక్ట్‌లో చేరడం

ఇప్పుడు టూల్స్ మెనూలో యాడ్ ప్రాజెక్ట్ నొక్కి, జాబితాలోంచి ఎంచుకుని, ఈమెయిల్, పాస్‌వర్డ్ ఇవ్వండి.

- పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడనిది అయ్యుండాలి
- తర్వాత ఇంకో ప్రాజెక్ట్‌లో చేరితే ఇదే ఈమెయిల్ ఇవ్వండి. అప్పుడే చేసిన పనికి ప్రాజెక్ట్‌లు ఇచ్చే పాయింట్లు అన్నిచోట్లా ఒకే పేరు కింద కలుస్తాయి
- మీరు పెట్టుకునే పేరు అందరికీ కనిపిస్తుంది. ఇంటిపేరుతో సహా రాయాల్సిన పని లేదు
- మీ కంప్యూటర్ల వివరాలు బయటికి చూపాలా వద్దా అనేది ప్రాజెక్ట్ వెబ్‌సైట్‌లో మీ ఖాతాలో ఉంటుంది. వద్దనుకుంటే తీసేయండి

చేరిన కాసేపటికి ఫైళ్లు దిగుతాయి, టాస్క్స్ ట్యాబ్‌లో వరుసలు కనిపిస్తాయి. మొదట్లో మిగిలిన సమయం అని చూపించే అంకెను నమ్మకండి. మీ కంప్యూటర్ వేగం ఎంతో దానికింకా తెలియదు. కొన్ని టాస్కులు పూర్తయ్యాక అంచనా దారిన పడుతుంది.

7. మొదటి రెండు రోజులు వేడి మీదే కన్ను

కోర్ టెంప్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ ఒకటి పెట్టుకుని, బాయింక్ నడుస్తున్న అరగంట తర్వాత ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూడండి. 80 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింత. 90 దాటుతుంటే సీపీయూల శాతం తగ్గించండి. తగ్గించినా దిగకపోతే తప్పు బాయింక్‌ది కాదు, లోపల దుమ్ము పేరుకుపోయి ఉంటుంది, లేదా ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది.

విండోస్ ల్యాప్‌టాప్‌లకు ఒక చిట్కా. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, అందులో ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అని ఉంటుంది. దాన్ని 100 నుంచి 99 చేయండి. ఒక్క శాతం తేడాకే టర్బో, అంటే ప్రాసెసర్ తనంతట తాను వేగం పెంచుకోవడం, ఆగిపోతుంది. పని కాస్త నెమ్మదిస్తుంది, వేడి మాత్రం చెప్పుకోదగినంత దిగుతుంది. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ ఆప్షన్ కనిపించదు, అలాంటప్పుడు సీపీయూల శాతం తగ్గించడమే దారి.

8. కరెంటు కోతలు, ఇన్వర్టర్, ఎండాకాలం

డెస్క్‌టాప్ ఇన్వర్టర్ మీద ఉంటే, కరెంటు పోయిన సంగతి దానికి తెలియదు. గోడ ప్లగ్గులో కరెంటు వస్తూనే ఉంటుంది కాబట్టి, బ్యాటరీ మీద ఆపమన్న టిక్కు ఇక్కడ పనిచేయదు. బాయింక్ తాపీగా లెక్కలు చేసుకుంటూ ఫ్యాన్లకూ లైట్లకూ ఉండాల్సిన బ్యాటరీని ఖాళీ చేస్తుంది. కరెంటు పోగానే టాస్క్‌బార్ మూలన ఉన్న బాయింక్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి స్నూజ్ నొక్కండి, గంటసేపు ఆగుతుంది. కోత వేళలు తెలిసిన ఊళ్లలో ప్రిఫరెన్సెస్‌లోని డెయిలీ షెడ్యూల్స్ ట్యాబ్‌లో ఆ గంటలు తప్పించండి.

హఠాత్తుగా కరెంటు పోయినా పని మొత్తం పోదు. టాస్కులు మధ్యమధ్యలో చెక్‌పాయింట్ రాసుకుంటాయి, మళ్లీ అక్కడినుంచే మొదలవుతాయి. మీ అంతట మీరు ఆపుతున్నప్పుడు ఒకసారి టాస్క్‌ను ఎంచుకుని ప్రాపర్టీస్ నొక్కి చూడండి. చివరి చెక్‌పాయింట్ నుంచి ఎంత సమయం గడిచిందో అక్కడ ఉంటుంది. ఇరవై నిమిషాలు అని ఉంటే ఆ ఇరవై నిమిషాల పని పోయినట్టే, కాస్త ఆగి ఆపండి.

ఏప్రిల్, మే నెలల్లో పగలు నడపకండి. గదిలోనే 38 డిగ్రీలుంటే ఏ ఫ్యాన్ అయినా ఆ వేడి గాలినే లోపలికి తోస్తుంది. డెయిలీ షెడ్యూల్స్‌లో రాత్రి 11 నుంచి ఉదయం 6 వరకు పెట్టుకోండి. ఇక కంప్యూటర్ పక్కన ఏసీ వేసి మరీ సైన్సుకు సాయం చేయడం అంటారా, బిల్లు ఎవరు కడతారో ముందు వాళ్లను అడగండి.

రాత్రిపూట నడపాలంటే విండోస్ స్లీప్ టైమర్‌ను ప్లగ్‌లో ఉన్నప్పుడు నెవర్ అని మార్చాలి. కంప్యూటర్ నిద్రపోతుంటే బాయింక్ అడ్డుపడదు, అదీ నిద్రపోతుంది. తెర మాత్రం ఆరిపోయేలా ఉంచండి.

9. తరచూ వచ్చే సమస్యలు

ఏ సమస్యకైనా ముందు చూడాల్సింది టూల్స్‌లోని ఈవెంట్ లాగ్. ఎందుకు ఆగిందో అక్కడ రాసి ఉంటుంది.

- టాస్కులు రావడం లేదు: ప్రాజెక్ట్ దగ్గరే పని లేకపోవచ్చు. అప్‌డేట్ బటన్ పదేపదే నొక్కితే ఉపయోగం లేదు. రెండో ప్రాజెక్ట్ కలిపి, దాని వెబ్‌సైట్‌లో రిసోర్స్ షేర్ సున్నా పెట్టండి. మొదటిదాంట్లో పని లేనప్పుడు మాత్రమే అది పని తెచ్చుకుంటుంది.
- మాటిమాటికీ ఆగిపోతోంది: ఇతర ప్రోగ్రాములు సీపీయూను ఇంత శాతానికి మించి వాడుతుంటే ఆపాలి అనే సెట్టింగ్ ఉంటుంది. యాంటీవైరస్ స్కాన్ నడిచినా ఆగుతుంది. ఆ అంకెను కాస్త పెంచండి.
- వెయిటింగ్ ఫర్ మెమరీ: ర్యామ్ చాలలేదు. సీపీయూల శాతం తగ్గిస్తే ఒకేసారి నడిచే టాస్కులు తగ్గి సర్దుకుంటుంది.
- కంప్యూటేషన్ ఎర్రర్: ఒకటి రెండు వస్తే పట్టించుకోకండి. వరసగా వస్తుంటే వేడి చూడండి, ఓవర్‌క్లాకింగ్ (కంపెనీ పెట్టిన వేగానికి మించి నడపడం) చేసి ఉంటే తీసేయండి. గ్రాఫిక్స్ కార్డు టాస్కులకే వస్తుంటే డ్రైవర్‌ను కార్డు తయారీ కంపెనీ సైట్ నుంచి కొత్తగా వేయండి.
- రెడీ టు రిపోర్ట్ అని అలాగే ఉంది: పని అయిపోయింది, ఇంకొన్నిటితో కలిపి చెబుదామని ఆగింది. మీరు ఊరెళ్తూ కంప్యూటర్ ఆపేస్తుంటే మాత్రం అప్‌డేట్ నొక్కి పంపేయండి.
- పాయింట్లు పెండింగ్‌లో ఉన్నాయి: మీ జత వాలంటీర్ ఫలితం ఇంకా రాలేదు. రెండు వారాలైనా పట్టొచ్చు. ఈ పాయింట్లకు డబ్బు విలువేమీ లేదు, టెన్షన్ పడాల్సిన పని లేదు.
- బాయింక్ విండో మూసినా ఫ్యాన్ ఆగడం లేదు: మూల ఉన్న మూసివేత గుర్తు నొక్కితే విండో మాత్రమే పోతుంది. ఫైల్ మెనూలో ఎగ్జిట్ బాయింక్ నొక్కి, నడుస్తున్న టాస్కులు ఆపాలి అనే టిక్కు ఉంచండి.

10. మానేయాలనుకుంటే

పరీక్షలో, ప్రయాణమో, విసుగో, ఏ కారణమైనా ఉండొచ్చు. నేరుగా అన్‌ఇన్‌స్టాల్ మాత్రం చేయొద్దు. అలా చేస్తే మీ దగ్గరున్న టాస్కులు గడువు తీరేదాకా ఎవరికీ వెళ్లవు.

- ప్రాజెక్ట్స్ ట్యాబ్‌లో నో న్యూ టాస్క్స్ నొక్కండి
- ఉన్నవి పూర్తయ్యేదాకా రెండు మూడు రోజులు నడవనివ్వండి
- అంత ఓపిక లేకపోతే టాస్కులను ఎంచుకుని అబార్ట్ చేయండి. ఇందులో తప్పేమీ లేదు, సర్వర్ వాటిని ఇంకొకరికి పంపిస్తుంది
- అప్‌డేట్ నొక్కి, టాస్క్స్ జాబితా ఖాళీ అయిందో లేదో చూడండి
- ఆ తర్వాత ప్రాజెక్ట్‌ను రిమూవ్ చేసి, బాయింక్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి

తీసేసినా విండోస్‌లో సీ డ్రైవ్‌లోని ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌లో బాయింక్ పేరుతో పాత ఫైళ్లు ఉండిపోతాయి. ఆ ఫోల్డర్ మామూలుగా కనిపించదు, వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ ఆన్ చేస్తే కనిపిస్తుంది. మళ్లీ ఎప్పుడైనా చేరే ఆలోచన ఉంటే దాన్ని అలాగే ఉంచొచ్చు, లేదంటే తుడిచేయండి.